ఏనుగు దగ్గర ఖాళీ అయిన చెయ్యి

"ఆ దినం నువ్వు నా చెయ్యి ఇడువలేదు బిడ్డా. నేనే ఇడిపించుకొని దాక్కున్న."

"గిన్నేండ్లు ఎందుకు చెప్పలేదత్తా?"

మా మేనత్తకూ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. పోయిన నెల దవాఖానలో, ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చొని నేను అడిగాను. గోడ దిక్కు మొహం తిప్పుకుంది. కాసేపటికి చెప్తుందిలే అనుకొని, చాయ్ తెద్దామని కిందికి పోయాను. వచ్చేసరికి పోయింది. గ్లాసు చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. నాకు సంతకం చేయడం వరకే వచ్చు కాబట్టి, మనుమరాలా, నేను చెప్పింది చెప్పినట్టు నువ్వే రాయి.

నా చిన్నప్పుడు మేము నేతగాళ్ళు ఉండే కొత్తవాడలో ఉండేవాళ్ళం. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద మా నాయిన, ఇంకొకదాని మీద ఆయన చిన్న చెల్లెలు, అంటే ఈ మేనత్తే, కింద పరుచుకునే జంపఖానాలు నేసేవారు. అత్తకు అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. మా అమ్మకు తమ్ముడు పుట్టినప్పటి నుంచి ఒంట్లో బాగుండేది కాదు. నన్నూ వాణ్ణీ అత్తే సాకింది. తాను నేసిన ప్రతి జంపఖానాలోనూ ఒక మూలన, నీలం చారల నడుమ, ఒకే ఒక్క ఎర్ర పోగు వేసేది. అది తన సంతకం అనేది. చదువు ఆమెకూ రాదు మరి.

ఒకసారి హైదరాబాదులో ఒక దుకాణానికి జంపఖానాల మూటలు దించే పని పడింది నాయినకు. పిల్లలకు జూ చూపించాలని అత్త పట్టుబట్టింది. నాకు ఏడేళ్ళు, తమ్ముడికి మూడు. తెల్లవారగానే రైలెక్కాం. అక్కడ దిగాక నాయిన మూటలతో దుకాణం దిక్కు పోయాడు, సాయంత్రం స్టేషన్లో కలవమన్నాడు. అత్త తమ్ముణ్ణి చంకన వేసుకుంది. కూర్చొని సద్ది తినడానికి తెచ్చిన చిన్న జంపఖానాను మడిచి నెత్తిన పెట్టుకుంది. ఇంకొక చేత్తో నన్ను పట్టుకుంది.

జూ గేటు దగ్గర ఆగి నాకు పాఠం చెప్పింది.

"తప్పిపోతె నన్ను దేవులాడుకుంట తిరుగకు. ఉన్న కాడ్నే కూసో. మగ్గం మీద పడుగు కదుల్తదా?"

"కదలదు."

"మరి పేక?"

"అటూ ఇటూ ఉరుకుతది."

"రెండూ ఉరికితె?"

"చిక్కు వడ్తది."

"గంతే. నువ్వు పడుగువు, నేను పేకను. నేనే నీ కాడికి వస్త."

నిలువు పోగులు బిగుసుకొని ఉంటేనే అడ్డం పోగు నడుస్తుందని మా ఇండ్లలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అందుకే ఆ మాట నాకు ఒక్కసారికే పట్టింది.

లోపల కోతులను చూశాం, నెమళ్ళను చూశాం. ఏనుగు దగ్గరికి వచ్చాక నేనింక కదలలేదు. అది తొండంతో మట్టి తీసుకొని తన వీపు మీదే చల్లుకుంటోంది. అంత పెద్దది మట్టిలో ఆడుతుంటే ఎవరూ కొట్టరేమిటి అని నాకు వింతగా ఉంది. దాన్ని ఎంతసేపు చూశానో తెలియదు. చూస్తూ చూస్తూ చెయ్యి కదిపితే చెయ్యి ఖాళీగా ఉంది. చుట్టూ మనుషులున్నారు. అత్త లేదు, తమ్ముడు లేడు.

అయినా చెప్పిన మాట మరిచిపోలేదు. అక్కడే మట్టిలో చతికిలబడ్డాను. కాళ్ళు నడుస్తున్నాయి నా చుట్టూ, చెప్పులు, బూట్లు. ఒక్క మొహమూ కిందికి వంగలేదు. ఎంతో సేపు కూర్చున్నాననుకున్నాను. ఇప్పుడు లెక్క చూస్తే అంత సేపు కాదేమో.

అప్పుడు కనిపించింది, దూరంగా చెట్ల కింద పరిచిన జంపఖానా. నీలం చారలు. మాదే! అత్త సద్ది కోసం పరిచి నన్ను మరిచిపోయిందనుకున్నాను. ఒక్క ఉరుకున పోయి, చెప్పులతోటే దాని నడుమ కూర్చున్నాను. మూల చూశాను, ఎర్ర పోగు ఉంది. ప్రాణం కుదుటపడింది. తలెత్తి చూస్తే ఒక్కటీ నాకు తెలిసిన మొహం కాదు. నల్ల బురఖా వెనక్కి వేసుకున్న ఒక అమ్మ, గడ్డం ఉన్న ఒక మనిషి, చేతిలో ముద్ద పట్టుకొని నన్నే చూస్తున్న ముగ్గురు పిల్లలు. ఆ క్షణాన నా నోరు ఎండిపోయింది చూడు, ఆ ఎండడం ఈ నాలుక మీద ఇంకా ఉంది.

"ఎవల పిల్లవు బేటా?" అంది ఆమె.

భయానికి నాకు కోపం వచ్చింది. "ఈ జంపఖానా మాది" అన్నాను.

"వామ్మో, దబాయిస్తాంది చూడుండ్రి! మొన్ననే కొన్నం తల్లీ."

"కాదు. గీడ ఎర్ర పోగుంది. మా అత్తది."

ఆయన వంగి చూశాడు. కొన్న రోజు నుంచి ఆ పోగును వాళ్ళు చూడనే లేదట. ఆమెకు మెల్లగా సంగతి అర్థమైంది. నవ్వడం మానేసింది. నన్ను దగ్గరికి తీసుకొని, "ఫికర్ చెయ్యకు. నిన్ను పట్టుకొచ్చిందంటె మీ అత్తను గూడ ఇదే పట్టుకొస్తది" అంది. గిన్నెలు దించింది, పిల్లలను లేపింది. ఇద్దరూ కలిసి జంపఖానాను తీసుకొచ్చి, నేను వేలు చూపిన చోట, ఏనుగు దగ్గరి ఇనుప కంచె మీద వెడల్పుగా ఆరేశారు.

"అమ్మీ, అన్నంల మట్టి వడ్తాంది" అని చిన్నోడు సణిగాడు.

"పడనియ్యిరా. కడుపుల మట్టి లేనోడు ఎవడు?"

వాళ్ళ పిల్లలు వట్టి నేల మీద కూర్చొని తిన్నారు. నాకూ ఒక ముద్ద పెట్టింది, మింగుడు పడలేదు.

అత్త వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది, కాళ్ళకు చెప్పులు లేవు, చంకలో తమ్ముడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. ముందు ఆ జంపఖానా మూలను పట్టుకొని చూసుకుంది. తర్వాత నన్ను చూసి అక్కడే కూలబడింది. "ఎందుకు కదిలినవే, ఎందుకు కదిలినవే" అని నన్ను ఊపుతోంది. ఆ మాట తప్ప ఇంకేమీ అనలేదు. ఆ అమ్మకు దండం పెట్టడం కూడా మరిచిపోయింది.

స్టేషన్లో తమ్ముడు వచ్చీరాని మాటలతో నాయినకు చెప్పేశాడు, అక్క పోయింది, అక్క దొరికింది అని. నాయిన అత్త దిక్కు చూశాడు. "ఎట్ల తప్పిందే?" అత్త నోరు తెరిచింది. మాట రాకముందే నేను, "నేనే చెయ్యి ఇడిచిన" అన్నాను. ఏనుగును చూస్తూ విడిచే ఉంటాననుకున్నాను. నాయిన నన్ను కొట్టాడు. "ఇగ నిన్ను ఊరు దాటనియ్య" అన్నాడు. అత్త తెరిచిన నోరు మూసుకొని, తమ్ముణ్ణి ఒక భుజం మీది నుంచి ఇంకొక భుజం మీదికి మార్చుకుంది.

అప్పటి నుంచి నేను చెయ్యి విడిచిన పిల్లనైపోయాను. పెద్దయ్యాక కూడా, మేడారం జాతరకని ములుగు బస్సెక్కితే చాలు, "మా అక్కను తాడుతోని కట్టుండ్రి, ఏనుగు కనవడితె ఉరుకుతది" అని తమ్ముడు బస్సంతా నవ్వించేవాడు. నేనూ నవ్వేదాన్ని. కానీ నా పిల్లలను ఒక్కనాడూ నేను బయట తిప్పలేదు. మీ తాతయ్య వాళ్ళను పార్కులకు, జూకు తీసుకుపోతే నేను మన మట్టెవాడ ఇంట్లో అరుగు మీద కూర్చొని, వాళ్ళు వచ్చేదాకా తలలు లెక్కబెట్టుకునేదాన్ని. "నువ్వెందుకు రావే?" అని ఆయన ఎన్నిసార్లు అడిగాడో. "నేను చెయ్యి ఇడిసేదాన్ని" అనేదాన్ని. ఆయన అదే నిజమనుకొని పోయాడు.

దవాఖానలో, ఆ ఆఖరి మాటకు ముందు, అత్త ముక్కలు ముక్కలుగా చెప్పింది. చెప్పిన పాఠం నాకు పట్టిందో లేదో చూద్దామని, నేను ఏనుగులో మునిగి ఉన్నప్పుడు వేళ్ళు మెల్లగా విడిపించుకొని నీళ్ళ పంపు గోడ వెనక నిలబడిందట. నేను మట్టిలో కూర్చోవడం కళ్ళారా చూసి మురిసిపోయిందట. అంతలో తమ్ముడు ఉచ్చకు ఏడిస్తే పొదల చాటుకు తీసుకుపోయింది. తిరిగి వచ్చేసరికి నేను లేను. ఇదీ సంగతి. అరవై ఏళ్ళు నా వీపు మీద మోసిన మూట, విప్పి చూస్తే నాది కాదు.

కోపం ఉందా అంటే ఉంది. ఆమె మీద ప్రేమ పోయిందా అంటే పోలేదు. రెండూ ఒక్కసారే ఉరికి చిక్కుపడ్డాయి, అందుకే ఏడుపుకు దారి లేదనుకుంటాను. ఆమె చెప్పిన పాఠం మంచిదే. కానీ ఆ రోజు అసలు పాఠం చెప్పింది ఆ బురఖా అమ్మ. తప్పిపోయిన పిల్లను తిట్టకుండా, ఎవరిది తప్పని అడగకుండా, తినే అన్నం కింది నుంచి జంపఖానా లాగి అందరికీ కనబడేటట్టు ఆరేసింది. అదే నా దగ్గర మిగిలింది.

ఇంకొకటి చెప్తాను, ఇది కూడా రాయి. వచ్చే ఆదివారం నీ పిల్లలిద్దరినీ హైదరాబాదు జూకు తీసుకుపోతున్నావు. ప్రతిసారీ రమ్మంటావు, నేను మోకాళ్ళ నొప్పి అంటాను. మోకాళ్ళు కాదు బిడ్డా. ఈసారి వస్తాను. పెట్టెలో అత్త నేసిన జంపఖానా ఉంది, అది తెస్తాను. నీ చిన్నదాని చెయ్యి నేను పట్టుకుంటాను. ఒకవేళ జారితే, జారింది నా చెయ్యి అని నేనే అందరికన్నా ముందు అంటాను. ఆ పిల్ల నోరు తెరవకముందే అంటాను.

ఇగ చాలు. రాసింది చదివి వినిపించు. స్టేషన్లో నేను మా నాయినతో 'నేనే చెయ్యి ఇడిచిన' అన్న మాట ఉంది కదా, అక్కడ జర మెల్లగా చదువు. అది నీ నోట విని, ఆ తప్పు నాది కాదని ఒక్కసారి నా చెవులకు తెలియాలి.