లాకర్‌లో దాచిన ముప్ఫై రెండు ప్రశ్నలు

గుంటూరులో పదహారేళ్లు నర్సుగా పనిచేశాను. మార్చురీలో శవాన్ని అప్పగించి, సంతకం పెట్టించుకుని, వెనక్కి వచ్చి టీ తాగిన మనిషిని. దయ్యాల కబుర్లు చెప్పేవారిని తేదీ, సమయం, సాక్ష్యం అడిగేదాన్ని. ఇక్కడ ఆ మూడూ నేనే ఇస్తున్నాను.

2008 మార్చి, అమెరికాలో న్యూజెర్సీలోని పిస్కాటవే. నేనూ, నా తోడికోడలు లతా ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటూ నర్సింగ్ లైసెన్స్ పరీక్షకు చదువుతున్నాం. నాకు నలభై మూడేళ్లు, ఆమెకు ఇరవై తొమ్మిది. నేను అప్పటికే రెండుసార్లు తప్పాను. ఆమెకు అదే మొదటిసారి.

రోజూ మా బైండర్‌లోని నమూనా ప్రశ్నలు ఒకరు చదివితే ఇద్దరం విడివిడిగా జవాబులు రాసేవాళ్లం. నేను ఎర్ర పెన్నుతో దిద్ది, తేదీ వేసి, మార్కులు కూడేదాన్ని. నా డైరీ ప్రకారం పన్నెండు రోజుల్లో పదకొండు రోజులు ఆమెకే ఎక్కువ. "చిన్నది మొదటిసారే గట్టెక్కేట్టుందే" అని అత్తగారు ఫోన్‌లో అన్న మాట పంటికింద రాయిలా తగిలింది.

లత తడబడేది ఒక్కచోటే. పేషెంట్‌కు ఉన్నట్టుండి ఆయాసం వస్తే మొదట ఏం చేస్తావని అడిగితే, 'డాక్టర్‌కు చెబుతాను' అని రాసేది. మనకు అక్కడ అలాగే అలవాటు. ఇక్కడి పరీక్షలో మాత్రం ముందు నర్సే వెళ్లి పేషెంట్‌ను పరీక్షించాలి. అటువంటి ప్రశ్నలు ముప్ఫై రెండు, ఆరు కాగితాలు. లత పరీక్షకు మూడు రోజుల ముందు వాటిని బైండర్‌లోంచి తీసి, నేను లైసెన్స్ అక్కర్లేని ఎయిడ్‌గా, అంటే నర్సు సహాయకురాలిగా, పనిచేసే వృద్ధుల కేంద్రంలో నా లాకర్‌లో పెట్టి తాళం వేశాను. ఆమె తప్పాలని కోరుకున్నాను.

పరీక్ష రోజు ఉదయం ఆమెను నేనే కారులో తీసుకెళ్లాను.

"అక్కా, నిన్న మీరు లంచ్ బ్రేక్‌లో వచ్చి చదివించకపోతే నా పని అయిపోయేది."

"నేనెప్పుడొచ్చానే?"

"బాగుంది! పన్నెండింటికొచ్చి ఒంటిగంటకెళ్లారు. 'మళ్లీ డాక్టరంటావేంటే మొద్దూ, ముందు నువ్వెళ్లి చూడు' అని నెత్తిన మొట్టారుగా. ఇంకా నొప్పిగానే ఉంది!"

సిగ్నల్ దగ్గర బ్యాగ్‌లోంచి కాగితం తీసి చూపింది. ముప్ఫై రెండు జవాబులు. ఎర్ర సిరాతో దిద్దినవి. అడుగున ముందురోజు తేదీ, ముప్ఫై రెండుకు ఇరవై ఏడు. ఏడు అంకెకు నడుమ నేను గీసే అడ్డగీత కూడా ఉంది.

ముందురోజు ఏడు నుంచి మూడున్నర వరకు నేను డ్యూటీలో ఉన్నాను. టైమ్‌కార్డ్ ఉంది. పన్నెండింటికి ఒక పెద్దావిడకు అన్నం తినిపించినట్టు చార్ట్‌లో నా సంతకం ఉంది. లతను దింపి తిన్నగా వెళ్లి లాకర్ తెరిచాను. ఆరు కాగితాలూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

లత పాసైంది. "అంతా అక్క చలవే" అని అత్తగారికి చెప్పింది. నేను కాదనలేదు.

ఆగస్టులో నా పరీక్ష. ముందురోజు సెలవు పెట్టి, పన్నెండింటికి అవే ఆరు కాగితాలు బల్లమీద పరిచాను. ఎదుటి కుర్చీ కొంచెం వెనక్కి జరిపి ఉంచాను. ఒంటిగంట దాటేవరకు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు రాసిన ఆ పరీక్షలో నేనూ పాసయ్యాను. అయినా లత అప్పుడప్పుడు నెత్తి తడుముకుని ఆ మధ్యాహ్నం గురించి నవ్వుతూ చెబుతుంటే, ఈనాటికీ ఓర్వలేను. ఆ గంటసేపు ఆమె ఎదుట కూర్చున్నది ఎవరో నాకు తెలియదు. నా దగ్గరకు మాత్రం రాలేదు.