ఎనిమిదింటి కస్టమర్లు

మా చెప్పుల కొట్టులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. మేనేజరు మొదలుకొని సరుకు దించే లారీ డ్రైవరు దాకా అందరికీ ఆమె జతలక్క. వయసులో పదిహేనేళ్లు పెద్దదాన్ని, బిల్లు కౌంటరులో కూర్చుని జుట్టు నెరిసినదాన్ని, నేను కూడా అక్కా అనే అంటాను. ఆమె నన్ను పిన్నీ అంటుంది. ఈ వరసలు ఎలా కలిశాయని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆ పేరు ఊరికే రాలేదు. సాయంత్రం ఏడయ్యేసరికి మా కొట్టు చూడాలి. ఎడమకాలిది బెంచీ కింద, కుడికాలిది అద్దం వెనక, పెట్టె ఒకచోట, మూత ఇంకోచోట. నల్ల బూట్లే ఇరవై రకాలు. మిగతా ముగ్గురు సేల్స్‌వాళ్లూ అడుగున నంబరు చూసి, వెలుతురులో పట్టుకొని, మళ్లీ ఒకసారి చూసి జత కలుపుతారు. జతలక్క కబుర్లు చెబుతూనే గుట్టలో చెయ్యి పెట్టి రెండోదాన్ని బయటికి లాగుతుంది. ఆమె మూతపెట్టిన పెట్టెలోంచి తప్పు జత బయటికి పోయిన రోజు లేదు. రోజంతా కస్టమర్ల కాళ్ల దగ్గర మోకాళ్ల మీద ఉండాలి కాబట్టి బట్టల్లో స్పాంజి ముక్కలు పెట్టి కుట్టుకుంది. తక్కినవాళ్లకీ కుట్టిపెట్టింది. నాకు మోకాళ్లతో పనిలేదంటే, నా కుర్చీకి కుట్టి ఇచ్చింది.

మా మేనేజరు చెడ్డవాడు కాదు. అలాగని మంచివాడని రాసివ్వను. హెడ్డాఫీసు నుంచి ఫోను వస్తే కూర్చున్నవాడు లేచి నిలబడి మాట్లాడతాడు, అదీ ఆయన ధైర్యం. ఎనిమిది దాటాక ఎవరి వేలైనా హాజరు మిషనులో పడితే ఆ అదనపు సమయానికి జీతం ఇవ్వాలి, ఎందుకిచ్చారని పైవాళ్లు అడుగుతారు. అందుకని పాత మేనేజర్లలాగే ఈయనా ఎనిమిది కొట్టగానే మా అందరిచేతా వేళ్లు వేయించేవాడు. మిషను దృష్టిలో మేం ఇళ్లకు వెళ్లిపోయినట్టే. ఆ తర్వాత షట్టరు సగం దించి, "ఐదంటే ఐదు నిమిషాలమ్మా, ఈ గుట్ట సర్దేసి పోదాం" అనేవాడు. ఆయన ఐదు నిమిషాలు తొమ్మిదింటికి పావుగంట ముందుగానీ అయ్యేవి కావు. తనూ చొక్కా చేతులు మడిచి పెట్టెలు మోసేవాడు కాబట్టి, గట్టిగా తిట్టుకోవడానికి కూడా వీలు లేకుండా చేశాడు మహానుభావుడు.

నా సంగతీ చెప్పుకోవాలి. పదిహేనేళ్లు కిమ్మనకుండా సర్దాను. కొత్తగా చేరిన పిల్లలు మొహం మాడ్చుకుంటే, "ఐదు నిమిషాలకి ఏం కొంపలు మునిగిపోతాయే" అని వాళ్లనే కసిరాను. ఇంటికి వెళ్తే నాకు టీవీ, తమ్ముడు తప్ప ఏముంది. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కొంప మునిగేది జతలక్కది. వాళ్లాయన బేకరీలో పొయ్యి దగ్గర పనిచేస్తాడు. రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ ఎక్కితే, రొట్టెలు కాల్చి, కొట్లకు పంచి, ఇంటికి చేరేసరికి పొద్దున్న పదవుతుంది. ఈమె తొమ్మిదిన్నరకే బయలుదేరుతుంది. సెలవులు కూడా ఆమెకొక రోజు, ఆయనకొక రోజు. ఎనిమిదింటికి కొట్టులోంచి బయటపడి ఇరవై నిమిషాలు నడిస్తే ఇల్లు. ఆయన గడప దాటేది తొమ్మిదికి పది నిమిషాల ముందు. ఆ అరగంటే వాళ్ల కాపురం. దాన్ని మా సర్దుడు రోజూ నున్నగా మింగేసేది.

"ఆయన గొంతు ఎలా ఉంటుందో మరిచిపోతున్నాను పిన్నీ," అందొకసారి నవ్వుతూ. "గ్యాసు అయిపోయిందని చీటీ, జ్వరం తగ్గిందని చీటీ. మా అత్తగారు మా ఇద్దరికీ పోస్టుమాస్టరు." నవ్వుతూనే అంది గానీ, చేతిలో ఉన్న బూటును పెట్టెలో తలకిందులుగా పెట్టింది. ఆమె అలా పెట్టగా నేను చూడటం అదే మొదలు.

ఒకరోజు వాళ్ల అత్తగారు చుట్టాలింటికి వెళ్తూ తాళంచెవి కొడుకు చేతిలో పెట్టింది. అది పెళ్లానికి ఇచ్చి పోదామని ఆయన ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు మా కొట్టుకు వచ్చాడు. ఆయన కాదని అనలేని మనిషి. గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూస్తుంటే మేనేజరు ఎదురెళ్లి, "రండి సార్, రండి" అని చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టాడు. ఈ మేనేజరు మా కొట్టుకు వచ్చి ఏడాదే, ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. "సార్‌కి కొత్తవి చూపించమ్మా" అని జతలక్కకు పురమాయించాడు. నేను కౌంటరు వెనక చీరచెంగు నోట్లో కుక్కుకున్నాను.

జతలక్క ఏమాత్రం తొణకకుండా మొగుడి ముందు కూర్చుని, కొలతపలక పెట్టి, "కాలు పెట్టండి సార్" అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గోళ్ల సందుల్లో పిండి. ఆమె తన రుమాలుతో తుడిచింది. ఒక జత తొడిగింది, విప్పింది. ఇంకోటి తెచ్చింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి మెల్లగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. పంటి నొప్పి ఎలా ఉందని ఆమె, మోకాళ్లు ఎలా ఉన్నాయని ఆయన.

గడియారం ఎనిమిది కొట్టింది. ఎవరూ కదల్లేదు. కొట్టులో కస్టమరు ఉండగా సిబ్బంది మిషను దగ్గర వరస కట్టకూడదని మేనేజరే పెట్టిన నియమం, కస్టమరు మొహమాటపడి లేచిపోతాడని. ఈ లోపల మిగతావాళ్లు ఖాళీగా ఉండలేక గుట్ట సర్దేశారు. ఎనిమిదీ నలభైకి ఆయన ఏమీ కొనకుండా దండం పెట్టి వెళ్లాడు. అప్పుడు మేమంతా వేళ్లు వేశాం. మిషను ఎనిమిదీ నలభై అని బుద్ధిగా రాసుకుంది.

అర్థం కావడానికి మాకు ఇంకో రోజు కూడా పట్టలేదు. మర్నాడు ఆయన మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడు తిరిగొచ్చిన అత్తగారు కూడా వచ్చింది. ఆవిడ ఒక్క సాయంత్రం పదిహేడు జతలు తొడిగించుకొని అన్నిటికీ పెదవి విరిచింది. "ఇది కరుస్తుంది. ఇది జారుతుంది. ఈ రంగు నా వయసుకేంటమ్మా." తర్వాత సేల్స్ పిల్లవాళ్ల అమ్మలు, బాబాయిలు వచ్చారు. నేను మా తమ్ముణ్ని టీవీ ముందు నుంచి లేపి తీసుకొచ్చాను. వాడికి బెంచీ మీద కునుకు పట్టింది, అయినా కస్టమరు కస్టమరే. మేనేజరు మొహం మతాబాలా వెలిగిపోయింది. "మన కొట్టుకు సాయంత్రం గిరాకీ పెరిగిందండీ" అని నిలబడి హెడ్డాఫీసుకు ఫోను చేశాడు.

అక్కడే ఆయన తన గొయ్యి తాను తవ్వుకున్నాడు. గుమ్మం దగ్గర మనుషుల్ని లెక్కపెట్టే మిషను ఒకటి ఉంది. ఎనిమిది, తొమ్మిది మధ్య ఇంతమంది ఉంటే అమ్మకం ఒక్కటీ లేదేమిటని పైవాళ్లకు అనుమానం వచ్చింది. మూడోవారంలో ఒక అధికారిణి చెప్పకుండా వచ్చి, మామూలు మనిషిలా జతలక్క అత్తగారి పక్కన కూర్చుంది. ఆ రోజు బేకరీవాళ్లు తొందరగా పిలవడంతో ఆయన రాలేదు.

అత్తగారు కొత్తావిడ వైపు తిరిగి ఆప్యాయంగా అడిగింది. "నువ్వెవరి తాలూకమ్మా?"

"ఎవరి తాలూకూ ఏంటండీ?"

"నేను ఆ కోడలి తాలూకు. ఆ నిద్రపోయేవాడు బిల్లు కౌంటరు తాలూకు. ఎనిమిదింటికి వేలు వేయించేసి, ఆ తర్వాత ముప్పావుగంట ఊరికే చాకిరీ చేయిస్తారట. మనం కాళ్లు చాపుకొని కూర్చుంటే ఆ మిషను తిరుగుతూనే ఉంటుందట. నువ్వు కూడా తొందరపడి లేవకేం."

ఆ కొత్తావిడ తన సంచిలోంచి హెడ్డాఫీసు కార్డు తీసి మెడలో వేసుకుంది. మేనేజరు మడిచిన చొక్కా చేతులు దించుకున్నాడు. జతలక్క ఉద్యోగం ఊడింది అనుకున్నాను.

"ఈ నాటకం ఎవరు మొదలుపెట్టారు?" అంది అధికారిణి.

జతలక్క లేచి నిలబడింది. "నేనే మేడమ్. రోజూ వచ్చే ఆయన మా ఆయన. మాకు ఇంట్లో దొరికేది అరగంట. దాన్ని ఇక్కడ సర్దుడుకి వాడేసుకుంటున్నారు. ఇంటికెళ్లి చూడనివ్వకపోతే, ఆయన్నే ఇక్కడికి రమ్మన్నాను. తప్పయితే నన్నొక్కదాన్నే తీసెయ్యండి."

అప్పుడు నా నోరు తెరుచుకుంది. ఎవరు తెరిచారో నాకే తెలీదు. "ఒక్కదాన్నే ఎందుకు మేడమ్. పదిహేనేళ్ల నుంచి ఎనిమిదింటికి వేలు వేసి తొమ్మిదింటికి ఇంటికెళ్తున్నాను. పిల్లలచేత కూడా నేనే చేయించాను. రాసుకోండి." మేనేజరు తల వంచుకొని, "నిజమేనండి," అన్నాడు. ఆ ఒక్కమాటతో ఆయన మీద నాకు సగం కోపం పోయింది. మిగతా సగం అలాగే ఉంచుకున్నాను.

మర్నాడు రోజంతా ఫోను వైపు చూస్తూనే గడిపాం. సాయంత్రం ఏడింటికి ఫోను వచ్చింది. ఇకనుంచి ఏడున్నరకే తలుపు మూయాలి, సర్దుడు అరగంటలో అయినంత అవ్వాలి, ఎనిమిదింటికి దీపాలు ఆర్పి వెళ్లిపోవాలి. ఎవర్నీ తీయడం లేదు. పాత ఏళ్ల సంగతి అర్జీ పెట్టుకోమన్నారు. పెట్టాం, అది ఇంకా బల్లలు మారుతోంది. ఆ సాయంత్రం మాత్రం ఎనిమిదింటికి వేలు వేసి, జతలక్క చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే అడ్డదారిలో ఇంటికి పరుగెత్తింది.

నేను తాళం వేస్తుంటే పెద్దరోడ్డు మీంచి ఆయన వచ్చాడు. తల్లి నోటివల్ల పెళ్లాం ఉద్యోగం పోతుందేమోనని మేనేజరును బతిమాలడానికి వచ్చాడట. "ఎనిమిదింటికే వదిలేశారు బాబూ, ఇంటికెళ్లిపోయింది," అంటే ఆయనకు ఎక్కలేదు. "ఇంటికా? నేను లేనే అక్కడ," అన్నాడు. నేను ఆమెకు ఫోను చేశాను. మెట్ల మీద ఆయాసపడుతోంది. "ఆయన్ని అక్కడే ఉండమను పిన్నీ, వస్తున్నా," అంది.

ఆయన ఉంటేగా. నాతోపాటు బస్టాపు దాకా నడిచాడు, నడిచాడనకూడదు, నన్ను ఈడ్చుకుపోయాడు. ఎనిమిదీ ముప్పై అయిదుకి ఆమె ఎదురుగా వచ్చింది. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. నేను సంచి తీసి జరిగాను. ఆయన బేకరీ ఆ పక్క వీధిలోనే, ఇంకా పావుగంటకు పైనే ఉంది. ఆమె రుమాలుతో మొహం తుడుచుకొని, ఆయన మొహం కూడా తుడిచింది.

"రేపు మీరు ఎక్కడికీ కదలకండి," అంది. "నేనే వస్తాను."