ఖల్లికోటలో దిగిన మాస్టరు

ఆ రోజుల్లో నాకు ఓపిక తక్కువ, అభిప్రాయాలు ఎక్కువ. బరంపురంలో ఒక పట్టుచీరల దుకాణంలో ఆన్‌లైన్ ఆర్డర్లు చూసే మొదటి ఉద్యోగం, గోసాని నువాగాంలో మేనత్త ఇంట్లో మకాం. ఏ కొత్త సిరీస్‌కైనా మూడు ఎపిసోడ్ల గడువిచ్చేదాన్ని. ఆలోపు మనసుకు పట్టకపోతే వదిలేయడమే. (ఒక యోగా క్లాసునీ, ఒక పెళ్ళి సంబంధాన్నీ కూడా ఇదే పద్ధతిలో మూడో రోజున వదిలేశాను.) మేనత్త అలా కాదు. నచ్చనిదాన్ని కూడా తిట్టుకుంటూ ఆఖరిదాకా చూసేది. "మూడు ముద్దలు తినీసి కూర బాగోనేదని లెగిసిపోతే ఎలాగే? ముక్కలు అడుగునుంటాయి" అనేది నాతో.

ఆ చలికాలం ఆవిడ కళ్ళకి శుక్లాలు తీశారు. నెల రోజులు ఫోను చూడొద్దన్నారు డాక్టరుగారు. సరిగ్గా అప్పుడే వీధి ఆడవాళ్ళందరూ కొత్తగా వచ్చిన ఒక హిందీ సిరీస్‌లో పడ్డారు. మంచుకొండల్లో ఒక బడి మాస్టరు, తప్పిపోయిన భార్యను వెతుక్కుంటూ తిరుగుతుంటాడు. "నువ్వు మజ్జాన్నం తిన్నప్పుడు సూసి, సాయంత్రం నాకు సెప్పీయే" అంది మేనత్త. మూడు రోజులు నిజాయితీగా చూసి చెప్పాను. ఆ మూడింట్లోనూ మాస్టరు మంచులో నడవడం తప్ప ఏమీ చేయలేదు. నాలుగో రోజు మానేశాను. ఆ మాట చెప్పేద్దామనే ఇంటికొచ్చాను. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చున్న మేనత్త, నా అడుగుల చప్పుడు వినగానే, "ఏటయ్యింది, ఆవిడ దొరికిందా?" అంది. మానేశానని చెప్పడానికి నోరు రాలేదు. "ఇంకా లేదత్తా. మాస్టరు రైలెక్కాడు" అన్నాను.

రైలైతే ఎక్కించాను గానీ, నేను మంచు చూసి ఎరగను, ఆ కొండ ఊళ్ళ పేర్లూ తెలియవు. రెండు సాయంత్రాలు మాస్టరుని కిటికీ పక్కన కూర్చోబెట్టి పొలాలూ వానలూ చూపించాను. మూడో సాయంత్రం వేరే దారి లేక, నాకు బాగా తెలిసిన ఖల్లికోట స్టేషన్లో దించాను. అక్కణ్ణుంచి చిలికా సరస్సులో పడవ. నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయన్నాను. పడవవాడు గెడ ఆపితే, ఎక్కడో దూరంగా పక్షులు లేచిన చప్పుడు ఆలస్యంగా వచ్చి చేరిందన్నాను. చెబుతూ చెబుతూ నేనూ ఆ పడవలోనే ఉండిపోయేదాన్ని, చేతిలో టీ చల్లారిపోయేది. ఖల్లికోట మేనత్త పుట్టిన ఊరు. "మా ఊరు సూపించారేటే?" అంది, మంచం మీద ముందుకు జరిగి. "అవునత్తా" అన్నాను. అక్కడే నిజం చెప్పేసి ఉండాల్సింది.

మర్నాటికల్లా మేనత్త ఈ సంగతి వీధంతా చెప్పేసింది. ఎదురింటి ఒడియా ఆవిడ (మేనత్తకు అపా, అంటే అక్క, నాకు మౌసీ) సిరీస్ మొత్తం ఎప్పుడో చూసేసిన మనిషి. మళ్ళీ రెండు రోజులు కూర్చుని వెతికి మరీ వచ్చింది. "కాహిఁ? ఎక్కడుంది మీ ఖల్లికోట? మాస్టరు మంచు దాటి రానే లేదు" అంది. "నువ్వు సరిగ్గా సూసుండవు అపా. నా మేనకోడలు సదువుకున్న పిల్ల, అబద్ధం సెప్పదు" అంది మేనత్త. మాటామాటా పెరిగింది. ఏళ్ళ తరబడి కూరగిన్నెలు ఇటూ అటూ తిరిగిన రెండిళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. చివరికి మేనత్త, "శనివారం నా కళ్ళద్దాలు తీసేత్తారు. అందరూ రండి, ఈ పిల్లే సూపిత్తాది" అని కబురంపింది.

శనివారం ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ ఆటోలో అంతా చెప్పేశాను. ఆవిడ బజారు వైపు చూస్తూ కూర్చుంది. (నెల తర్వాత చూడడం కదా, కోపంలోనూ చూడబుద్ధేసి ఉంటుంది.) ఆటో మా వీధి మలుపు తిరిగాక, "మా ఊరు కూడానా?" అంది. "ఊరు కూడా అత్తా" అన్నాను.

ఇంటి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారు. మేనత్త ఆటో దిగి నేరుగా మౌసీ ముందుకెళ్ళింది. "నువ్వన్నదే నిజం అపా. నాకు కళ్ళు నేవు, దీనికి బుద్ధి నేదు" అంది. మౌసీ నన్నో చూపు చూసి, ఇంటికెళ్ళి డాల్మా (కూరగాయలేసిన పప్పు) గిన్నె తెచ్చి మేనత్త చేతిలో పెట్టింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నాలుగు రోజులు మేనత్త నాతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజుల్లో అసలు సిరీస్ మొదటినుంచి ఆఖరిదాకా చూసేసింది. ఐదో ఎపిసోడ్‌కి బాగా ఏడ్చిందని మౌసీ చెప్పింది. (ఇంకో రెండు చూసి ఉంటే నేనూ ఏడ్చేదాన్నేమో.) ఆ మర్నాడు సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, లోపల్నుంచి, "ఒసే, ఆ పడవెక్కిన మాస్టరు తరవాతేటయ్యాడు?" అని వినిపించింది.

"అది అబద్ధం కదత్తా."

"తెలుసు. ఏటయ్యాడు?"

వెళ్ళి పక్కన కూర్చున్నాను. బాగైన కళ్ళు మూసుకుని, తల గోడకానించి వినడం మొదలుపెట్టింది. నేను ఆ పడవని ఎటో నడిపించాను. ఎక్కడికి నడిపించానో, మాస్టరు భార్య దొరికిందో లేదో ఎంత తలచుకున్నా ఇప్పుడు గుర్తురాదు. ఈ రోజుల్లో నాలుగు ముక్కలు రాయాలన్నా పదిసార్లు కొట్టేసుకుంటాను. ఆ సాయంత్రం ఎక్కడా తడబడకుండా, దీపం పెట్టేవేళ దాకా చెప్పుకుంటూ పోయిన ఆ పిల్లని చూస్తే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.