బంతికి పెడితే పాచి తిన్నది

చేనెడు బంతిపూలనూ, సొంత మేనమామ పరువునూ ఒకే మధ్యాహ్నం ముంచేసిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. నేనే.

అప్పుడే వృక్షశాస్త్రంలో బీఎస్సీ పూర్తిచేసి, నాందేడ్‌లో ఉద్యోగం దొరక్క, ఉమ్రి దగ్గర మామ ఇంట్లో తిష్ఠ వేశాను. దొరక్క అన్నానా? వెతికితే కదా దొరకడానికి! మామ ఆ ఏడు దసరాకని చేను నిండా బంతి పెట్టాడు. నాందేడ్ పూల సేటుకు మాట కూడా ఇచ్చేశాడు. "ఈపారి బజార్ల ఏ దుకాణం జూసినా నా పూలే ఉండాలె" అని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

చేనుకు నీళ్ళు ప్లాస్టిక్ పరిచిన కుంటలోంచి డ్రిప్ పైపుల్లో వెళ్ళేవి. ఎరువును డ్రమ్ములో కలిపి పైపుకు ఎక్కించడం నా పని. ఆ మాత్రం పనికే నా నడుము పట్టేసేది.

"మామా, రోజు గీ డ్రమ్ము లొల్లి ఎందుకు? బస్తాలన్ని కుంటలనే పోద్దాం. నీళ్ళతోని ఎరువు గూడ పోతది."

మామ ముఖం వెలిగింది. అత్తయ్యకే అనుమానం వచ్చింది. "కుంటల పాచి ఉన్నది గదరా, అది తినదా?"

అంతే, నాలో ప్రొఫెసర్ లేచాడు.

"బంతికీ పాచికీ పోలికనా అత్తా? బంతిది చామంతుల వంశం, పెద్ద ఖాందాన్! వేరున్నది, కాండమున్నది, ఆకున్నది. మనం ఒక్క పువ్వు అనుకునేది చిన్న చిన్న పువ్వుల గుత్తి. మరి పాచి? వేరు లేదు, ఆకు లేదు, పువ్వు లేదు. ఉత్త పచ్చ దారం. గసువంటిది ఏం తింటది?"

"నువ్వు ఊకోవే," అన్నాడు మామ అత్తయ్యతో. "పిలగాడు సైన్సు సదివిండు."

చదివిన మాట నిజమే. పాచికి వేరుతో పనిలేదనీ, ఒళ్ళంతటితో నీళ్ళలోంచి పీల్చుకుంటుందనీ రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. పరీక్ష అయ్యాక కూడా గుర్తుపెట్టుకోవాలని ఎవరూ చెప్పలేదు మరి.

ఆ మధ్యాహ్నమే బస్తాలన్నీ కుంటలో పోసేశాం. కొన్నాళ్ళకు కుంట పచ్చబడింది.

"ఏందిరా గిది?"

"ఎరువు పనిజేస్తున్నది మామా!"

చేసింది, పాచికి. అది కుంట నిండి, పైపుల్లోకి దూరి, చుక్కలు పడే రంధ్రాలన్నీ మూసేసింది. మొగ్గ మీదున్న బంతి తల వాల్చింది. మామ ఫిల్టర్ విప్పి లాగితే అత్తయ్య జడకన్నా పొడుగైన పచ్చ జడ ఒకటి బయటికొచ్చింది. దాన్ని చేత పట్టుకుని మామ నావైపు తిరిగాడు. అప్పుడు మాత్రం నాకు నిజంగా భయమేసింది. ముగ్గురం బిందెలతో నీళ్ళు మోశాం. అప్పటికే ఆలస్యమైంది, మొగ్గలు ఎండి రాలిపోయాయి.

సేటు ఫోన్ చేశాడు. "ఫులే కుఠే?" పూలెక్కడని మరాఠీలో అడిగాడు.

"పూలు లెవ్వు సేటు. పాచి గావాల్నంటే లారీ పంపు" అన్నాడు మామ.

దసరా పొద్దున ఊళ్ళో అందరూ బళ్ళు కడిగి బంతిదండలు వేస్తున్నారు. మామ ముఖానికి తువ్వాలు చుట్టుకుని బజారుకు పోయి, ఎవరి చేనివో పూలు కొనుక్కొచ్చాడు. ట్రాక్టరుకు ఒక దండ, తన బండికి ఒక దండ వేశాడు. నేను ఆశగా నా బండి దగ్గరికి వెళ్ళాను. హ్యాండిల్‌కు పాచి దండ వేలాడుతోంది, తడి కారుతూ, కుంకుమ బొట్టుతో సహా.

"గిదేంది మామా?"

"నీ ఖాందానే గదరా అల్లుడా! వేరు లేదు, పువ్వు లేదు. నా తిండి తిని ఇద్దరు పచ్చగ పెరిగిండ్రు."

అత్తయ్య నవ్వు ఆపుకోలేక ఇంట్లోకి పరుగెత్తింది.

ఆ దండ మీద చెయ్యి వేసి, ముక్కు మూసుకుని, అక్కడికక్కడే ప్రమాణం చేశాను: వేరు లేదని, నోరు లేదని ఈ జన్మలో ఎవరి ఆకలినీ తక్కువ అంచనా వేయను. తర్వాత చెయ్యి కడుక్కుని పోలెలు, అదే బొబ్బట్లు, తినడానికి మామ పక్కనే కూర్చున్నాను. తిండి మానేస్తానని ప్రమాణంలో ఎక్కడా అనలేదు.