ఒక్సానా చూపించిన స్టేషను

నా పేరు సుబ్బాయమ్మ, వయసు డెబ్భై రెండు. పోర్ట్‌లీష్ అనే విదేశీ ఊళ్లో కొడుకు, డాక్టరు కోడలు శైలజ, మూడేళ్ల మనవరాలితో ఉంటున్నాను. నాకు రాత రాదు కాబట్టి శైలజ రాస్తోంది.

రేపటినుంచి పాపను చూసుకోవడానికి ఒక్సానా అనే ఉక్రెయిన్ అమ్మాయిని కుదిర్చారు. ఈ రోజు వచ్చి తన ఊరు కీవ్ ఫోటో ఒకటి ఇచ్చింది. బంగారు కమానులు, పాలరాతి స్తంభాలు, వరసగా దీపాల గుత్తులు. వాళ్ల గుడి అనుకుని కళ్లకద్దుకుని దేవుడి పటాల పక్కన పెట్టాను.

శైలజ నవ్వు ఆపుకుంటూ, "అత్తయ్యా, అది రైల్వే స్టేషనంట. పైన పాత వీధులు, భూమి లోపల రైలంట," అంది.

నాకు అనుమానం వచ్చింది. మన పోర్ట్‌లీష్ స్టేషనులో బెంచీ, వాన తప్ప ఏమున్నాయి? అబద్ధాలాడే మనిషికి పాపనెలా అప్పగించను?

"అంత లోతున అన్ని స్తంభాలు తుడిచేదెవరో అడుగు," అన్నాను.

"మా అమ్మ. మొదళ్లలో మురికి గుడ్డకు రాదు, మోకాళ్ల మీద కూర్చుని గోకాలి," అని ఒక్సానా చెప్పిందట.

ఆ పని చూడనివాళ్లకు ఆ మాట తోచదు. సరే, రమ్మన్నాను. అయినా రేపంతా పాప ఉన్న గదిలోనే కూర్చుంటాను. తప్పంటారా?

సుబ్బాయమ్మ వేలిముద్ర. సాక్షులు: శైలజ, చదవకుండానే సంతకం పెట్టిన ఒక్సానా.