స్తంభానికి కట్టేసిన రింగులు

కుడి భుజం పట్టేసినప్పటి నుంచి నా కొప్పు నేను వేసుకోలేకపోయాను. టీచరుగా పనిచేసే కోడలు బడికి పోయే తొందరలో ముడిచేది. రోజూ అది ఎడమకు ఒరిగిపోయేది. రోజంతా ఆ ఒరిగిన కొప్పుతో తిరగడం నాకు తప్పు కూడికను చూస్తూ ఊరుకున్నట్టు ఉండేది.

చెయ్యి పైకెత్తి దేన్నైనా పట్టుకుని మెల్లగా ఊగమంది డాక్టరమ్మ. మదనపల్లెలో మా వీధి చివర పార్కులో రెండు స్తంభాల మధ్య ఇనుప కమ్మీకి గొలుసులతో రెండు రింగులు వేలాడుతుంటాయి. కాళ్లు నేల మీదే ఉంచి వాటిని పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగాను. సిగ్గుగా ఉండేది, బాగానూ ఉండేది. మొదటిరోజు ఆరు ఊగులు. ఇంటికొచ్చి క్యాలెండరులో ఆనాటి గడిలో 6 వేశాను. నలభయ్యోరోజుకు 41. చెయ్యి చెవి దాటింది. కొప్పుకు ఇంకా రెండు వేళ్ల దూరం.

సరిగ్గా అప్పుడే సాయంత్రం కసరత్తుకు వచ్చేవాళ్లు గొలుసులను పైన కమ్మీకి చుట్టేసి పోవడం మొదలుపెట్టారు. పొద్దున నేను పోతే నాకు అందవు. దించిపెట్టే పొడుగాటి మనిషి దొరక్క తొమ్మిది గడుల్లో సున్నాలు పడ్డాయి. ఆ తొమ్మిదోరోజే పార్కు వాచ్‌మన్‌కు చెప్పాను. అతను ఒకప్పుడు టమోటా మార్కెట్లో లారీలకు లోడు కట్టినవాడు.

మరుసటిరోజు పోయి చూస్తే, రింగులు రెండూ చెరొక స్తంభానికి ప్లాస్టిక్ తాడుతో బిగించి ఉన్నాయి.

"యాలప్పా కట్టేసినావు?"

"నువ్వే గదమ్మా సెప్పింది, పైకి సుట్టేస్తాండారని. ఇప్పుడు సుట్టమను, సూస్తాం."

"మరి నేను ఊగేదెట్టప్పా?"

తల గోక్కున్నాడు. "అది నువ్వు సెప్పలేదు గదమ్మా."

"విప్పు."

"ఇది మార్కెట్ ముడి. లారీ మదరాసు దాకా పోయినా ఊడదు. కోసేదే. రేపు కత్తి తెస్తాలే."

ఆ రేపు ఐదు రోజులైనా రాలేదు. కట్టేసిన రోజుతో కలిపి ఇంకో ఐదు సున్నాలు. ఆరోరోజు నా కొప్పు పిన్ను పీకి, దాని మొనతో ముడిని కెలకడం మొదలుపెట్టాను. జుట్టు జారి వీపు మీద పడింది.

"కొప్పు ఊడింది గానీ ముడి ఊడలేదే అమ్మా!" అని నవ్వాడు వాచ్‌మన్.

నేను కెలుకుతూనే పోయాను. మూడోరోజుకు కుడివైపు రింగు వదులైంది. ఎడమది కదల్లేదు. ఒక్క రింగుతోనే ఊగాను. పన్నెండుకే భుజం మొరాయించింది. పద్నాలుగు సున్నాలు, రెండు రోజుల కెలుకుడు. నలభై ఒకటి కాస్తా పన్నెండైంది.

ఇంటికొచ్చి అద్దం ముందు చెయ్యి వెనక్కి పెట్టి చూశాను. వేళ్లు చెవి దగ్గరే ఆగిపోయాయి. కోడలు దువ్వెన తెచ్చింది.

"నడిమికి వెయ్యమ్మా," అన్నాను.

"టైమైపోయింది అత్తా, తల కదపొద్దు."

గడిలో 12 వేసి, పక్కన 'ఒక్క రింగు' అని రాశాను. కొప్పు ఆ రోజు కూడా ఎడమకే ఒరిగింది.