ఏదిమేలు రుద్రమ్మ

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో రుద్రమ్మకు పెట్టిన పేరు ‘ఏదిమేలు రుద్రమ్మ’. పక్కన ఇంకోటి పెట్టి పోల్చనిదే ఆమె ఏ వస్తువూ ముట్టదు. వంకాయలమ్మే సిద్దప్ప ఆమెను చూడగానే రెండో గంప కూడా దించుతాడు. కొడుకు పెళ్లిచూపుల్లో పెళ్లికూతురు అర్చన తెచ్చిన కాఫీ తాగి, “టీ గూడా పెట్టు పాపా, ఏది మేలో చూస్తా” అన్న మనిషి. ఆ ముక్క చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతారు.

అర్చన చదువు మధ్యలో ఆగిన పిల్ల. కొత్తవాళ్ల ముందు నోరు విప్పదు. కోడలై వచ్చి కడుపుతో ఉన్న ఏడో నెలలో ఒక పొద్దున నడుము పట్టుకుని కూలబడింది.

“మొన్నటి కడుపునొప్పి కంటే ఎక్కువనా, తక్కువనా?”

“ఎక్కువే అత్తా!”

“వీరేశూ, ఆటో పిల్చుకోని రారా!” అని రుద్రమ్మ కొడుకును కేకేసింది. బస్సుతో పోల్చకుండానే ఆటో అన్నదంటే సంగతి పెద్దదేనని అర్చనకు అర్థమైంది.

ఆదోని ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, “కాన్పు నొప్పులే. ఇప్పుడే పుడితే బిడ్డకు కష్టం. ఆపడానికి మాత్ర ఇస్తాం, బీపీకి వాడేదే” అంది.

“బీపీ నాకుండేదమ్మా, దానికి కాదు!”

“ఇది గర్భసంచి బిగుసుకోకుండా కూడా చేస్తుందవ్వా.”

“ఇంకో మందు లేదా?”

నర్సు మొహం తిప్పుకుని నవ్వింది.

“సూది ఉంది. దాంతోనూ నొప్పులు తగ్గుతాయి గానీ గుండెదడ ఎక్కువ. మాత్రకు తలనొప్పి వస్తుంది, మొహం వేడెక్కుతుంది. ఈమెకు మాత్రే మేలు.”

“నెలలు నిండేదాకా ఆపేది ఏది?”

“అంత మాట దేనికీ చెప్పలేం. రెండు రోజులు ఆగినా గెలిచినట్టే. బిడ్డ ఊపిరితిత్తులకు బలమిచ్చే సూది వేరే వేస్తాం. అది పనిచేయడానికి ఆ టైం కావాలి.”

“అంతలోపల పుడితే బిడ్డ దక్కుతాదా?”

అర్చన ఉలిక్కిపడింది. పొద్దున్నుంచి తాను అడగలేకపోయిన మాట అదే.

“దక్కించుకోవడానికే కదా ఇదంతా! చిన్నపిల్లల డాక్టరు కూడా ఇక్కడే ఉన్నారు” అంది డాక్టరమ్మ. అర్చన పిడికిలి వదులైంది.

డాక్టరమ్మ పోయినాక రుద్రమ్మ కోడలి చెవిలో అడిగింది: “ఇంకేమన్నా అడగల్లనా?”

“నా మనసులోది నీకెట్ల తెలిసె అత్తా?”

“నీ కండ్లు చూసే అడుగుతాంటి. నువ్వు నోరు తెరవవు, నాకేమో మూయడం రాదు. ఆ పొద్దు టీ అడిగింది గూడా అందుకే. చేతులు వణుకుతాండె నీకు. లోపలికి పోయి రోంత కుదురుకుంటావని.”

నొప్పులు తగ్గాయి. రెండు రోజులు గడిచాయి, ఆపైన నెల కూడా దాటింది. అప్పుడు పుట్టిన ఆడపిల్ల వార్డంతా అదిరేలా ఏడ్చింది.

“ఎవరి పోలికవ్వా?” అడిగింది నర్సు.

రుద్రమ్మ మనవరాలిని తేరిపార చూసింది. “దీనికి పోలిక యాడుందమ్మా!”

“మా అత్త పోలికే!” అర్చన గొంతు వార్డు చివరిదాకా వినిపించింది. “సూడండి, ఈ పక్క పాలు తాగింది, ఇంగ ఆ పక్కవి ఎట్లుండాయో సూడల్లంట!”

నవ్వు మొదలెట్టింది రుద్రమ్మే.